మీకు తెలుసా? బ్రేకుల్లేని బండి మీద ఆరు ప్రపంచ కిరీటాలు

మట్టి ట్రాక్ మీద జరిగే మోటారుసైకిల్ పందెం స్పీడ్‌వే. ఆ పందెపు బండికి బ్రేకులుండవు. ముందు చక్రానికీ ఉండవు, వెనక చక్రానికీ ఉండవు. నిబంధనల ప్రకారమే ఉండకూడదు. గేరు మార్చే పనీ లేదు, ఉన్నది ఒక్క గేరే. 500 సీసీ ఇంజిను, ఒకే సిలిండరు, ట్యాంకులో పెట్రోలు బదులు మిథనాల్. బండి బరువు 77 కిలోలకు తగ్గకూడదన్నది నియమం. అంటే మన వీధుల్లో తిరిగే మామూలు 100 సీసీ బండి కన్నా తేలికైనది, శక్తిలో మాత్రం దానికి ఎన్నో రెట్లు. అలాంటి బండి మీద స్వీడన్ దేశస్థుడు టోనీ రికార్డ్‌సన్ ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు: 1994, 1998, 1999, 2001, 2002, 2005.

మన క్రీడా పేజీల్లో ఈ పేరు కనిపించడం అరుదు. మోటారు పందేలంటే ఫార్ములా వన్ దగ్గరో, మోటో జీపీ దగ్గరో మన చూపు ఆగిపోతుంది. నిమిషంలో తేలిపోయే ఈ మట్టి పందెంలో పన్నెండేళ్లపాటు, అదీ పోటీ పద్ధతి మళ్లీ మళ్లీ మారుతున్నా, శిఖరం మీద నిలబడటం ఎంత గొప్ప సంగతో తెలిస్తే ఈ పేరును ఎవరూ మరచిపోలేరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకూ, ఆయన చుట్టూ ఉన్న ఆటకూ.

బ్రేకు లేకపోవడంలోనే భద్రత

వినడానికి వింతగా ఉంటుంది కానీ కారణం సబబైనదే. పందెంలో నలుగురే ఉంటారు. నలుగురూ ఒకే గీత నుంచి బయలుదేరి, మొదటి వంపులోకి ఒకరి మోచేతికి ఒకరి మోచేయి తగిలేంత దగ్గరగా దూసుకుపోతారు. ఆ క్షణంలో ముందున్నవాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకవాడికి తప్పుకునే చోటే ఉండదు. అందుకని ఆ అవకాశాన్నే తీసేశారు. వేగం తగ్గించాలంటే బండిని అడ్డంగా జార్చాలి, యాక్సిలరేటర్ తగ్గించాలి. పడిపోతే ఇంజిను దానంతటదే ఆగేలా కుడి మణికట్టుకు ఒక తాడు కట్టి ఉంటుంది. మనిషి బండి నుంచి వేరైతే ఆ తాడు ఊడివస్తుంది, ఇంజిను ఆగిపోతుంది.

మిథనాల్ సంగతి మరొకటి. అది పట్టపగలు మండితే మంట కంటికి సరిగా కనిపించదు. బండ్లు నిలిపే పిట్స్‌లో మెకానిక్కులు ఎంతో జాగ్రత్తగా మసలుకునేది అందుకే.

బండి ఎడమకు, హ్యాండిల్ కుడికి

ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టుకొలత సాధారణంగా 260 నుంచి 425 మీటర్లు. గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో నాలుగు చుట్లు తిరగాలి. వంపులన్నీ ఎడమవైపే. అయినా ఫొటోల్లో చూడండి, రైడరు హ్యాండిల్‌ను కుడివైపు తిప్పి ఉంటాడు. వెనక చక్రం మట్టిలో గిర్రున తిరుగుతూ బయటికి జారుతుంటే, ఆ జారుడును అదుపులో ఉంచడానికి ముందు చక్రాన్ని వ్యతిరేక దిశకు పెట్టక తప్పదు. ఎడమకాలి బూటు కింద ఉక్కుతొడుగు ఉంటుంది. ఆ కాలిని నేల మీద ఈడుస్తూ మలుపంతా తిరుగుతారు. తిన్నని దారిలో వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది, మరుక్షణం మళ్లీ వంపు.

మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, నాలుగోవాడికి సున్నా. ఆట మొత్తం ఈ చిన్న లెక్క మీదే నడుస్తుంది.

ఏడాది కిరీటం అయిదు నిమిషాల్లో

1936లో మొదలైన ప్రపంచ వ్యక్తిగత పోటీ దాదాపు ఆరు దశాబ్దాలపాటు ఒక్క రాత్రి ఫైనల్‌తోనే తేలేది. దేశదేశాల వడపోతలు దాటి 16 మంది ఆ రాత్రికి చేరేవారు. 20 పందేలు, ఒక్కొక్కరికి అయిదు. ఈ ఏర్పాటులో ఒక అందం ఉంది: ప్రతి పందెంలో ముగ్గురు ప్రత్యర్థులు, అయిదు పందేలకు పదిహేను మంది. అంటే ప్రతి రైడరూ మిగిలిన పదిహేను మందితోనూ సరిగ్గా ఒక్కొక్కసారి తలపడతాడు. ఎవరికీ సులువైన దారి లేదు, ఎవరికీ అన్యాయమూ లేదు. అన్నీ గెలిస్తే 15 పాయింట్లు.

ఒక్కో పందెం సుమారు నిమిషం. ఏడాది పొడవునా పడ్డ శ్రమకు ఫలితం ఆ రాత్రి అయిదు నిమిషాల స్వారీలో తేలిపోవాలి. ప్లగ్గు మొరాయించినా, గొలుసు తెగినా, గీత దగ్గర అడ్డంగా కట్టిన టేపును తాకినా మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

వోయెన్స్, 1994

రికార్డ్‌సన్ 1970 ఆగస్టులో పుట్టాడు. ఊరు మధ్య స్వీడన్‌లోని ఆవెస్టా ప్రాంతం. ఉక్కు పరిశ్రమకు పేరుపడ్డ ఆ పట్టణంలోని స్పీడ్‌వే క్లబ్బు మసార్నా. ఇరవై ఒక్క ఏళ్ల వయసులోనే, 1991లో, గోథెన్‌బర్గ్‌లోని ఉల్లెవి స్టేడియంలో జరిగిన ప్రపంచ ఫైనల్‌లో రెండో స్థానం సాధించాడు. ఆ రాత్రి డెన్మార్క్ రైడరు యాన్ ఓ. పెడర్సన్ అయిదుకు అయిదూ గెలిచి 15 పాయింట్లతో కిరీటం పట్టుకుపోయాడు. సొంతగడ్డ మీద రెండో స్థానం ఏ కుర్రవాడికైనా చాలు అనిపించేదే. రికార్డ్‌సన్‌కు చాలలేదు.

మూడేళ్ల తర్వాత, 1994 ఆగస్టులో, డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో ఫైనల్. ఆ ట్రాక్ కట్టించినవాడు మూడుసార్లు ప్రపంచ విజేత అయిన డెన్మార్క్ రైడరు ఓలె ఓల్సన్. జనంలో ఎక్కువమంది కోరుకున్నది తమ దేశపు హాన్స్ నీల్సన్ గెలవాలని. ఇరవై పందేలూ ముగిశాక చూస్తే ముగ్గురు సమానం: రికార్డ్‌సన్, నీల్సన్, ఆస్ట్రేలియా రైడరు క్రెయిగ్ బోయిస్. ముగ్గురికీ 12 పాయింట్లే. ఒక్క ఓటమి కూడా లేకుండా గెలిచే రాత్రులు చూసిన ఈ పోటీలో ముగ్గురూ తలా మూడు పాయింట్లు జారవిడుచుకుని మరీ ఒకచోట చేరారు. ఇక మిగిలింది ఒక్క అదనపు పందెం.

అందులో స్వీడన్ కుర్రవాడు ముందు, నీల్సన్ రెండు, బోయిస్ మూడు. ఎవరి ఊళ్లో ఎవరు గెలిచారో చూడండి. అప్పటికే మూడు కిరీటాలున్న నీల్సన్ ఎదుట, ఆయన జనం మధ్య నిలబడి గెలవడానికి నైపుణ్యం ఒక్కటే సరిపోదు, గుండె నిబ్బరం కావాలి.

ఒక్క రాత్రితో తేలే ప్రపంచ ఫైనల్ అదే ఆఖరిది. మరుసటి ఏడాది నుంచి గ్రాండ్ ప్రీ వరస వచ్చింది.

ఒక స్టేడియం చిరునామాలో ఉన్న పేరు

పోలండ్‌లోని తోరున్ నగరంలో మోటో అరేనా అనే స్పీడ్‌వే స్టేడియం ఉంది. 2009లో ప్రారంభమైంది. ఆ స్టేడియం ఉన్న వీధి పేరు పెర్ యోన్సన్ వీధి. యోన్సన్ పోలండ్ మనిషి కాడు, స్వీడన్ వాడు. 1990లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. తోరున్ క్లబ్బు తరఫున ఆడుతూ 1994 వేసవిలో బిద్గోష్చ్ ట్రాక్ మీద పడిపోయాడు. వెన్నెముక దెబ్బతిని, మళ్లీ పందెపు బండి ఎక్కలేకపోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

అది జరిగిన కొద్ది వారాలకే వోయెన్స్ ఫైనల్. స్వీడన్‌కు ఒక విజేత ఆటకు దూరమైన వేసవిలోనే మరొక విజేత దొరికాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన చదివినప్పుడు నాకు రికార్డ్‌సన్ మొదటి కిరీటం బరువు ఇంకోలా తెలిసింది. తమ దేశపు ఛాంపియన్‌కు జరిగింది చూశాక, అదే మట్టి మీదకు, అదే బ్రేకుల్లేని బండితో దిగిన మనిషి అతను. పరాయి దేశపు ఆటగాడి పేరును వీధికి పెట్టుకున్న తోరున్ జనం ప్రేమ కూడా చిన్నదేమీ కాదు.

మూడు పద్ధతులు, ఒకే విజేత

ఒక్క రాత్రి ఫైనల్‌నూ, ఏడాది పొడవునా సాగే గ్రాండ్ ప్రీ వరసనూ రెంటినీ గెలిచినవాళ్లు చరిత్రలో ఇద్దరే: నీల్సన్, రికార్డ్‌సన్. నీల్సన్ 1995లో, గ్రాండ్ ప్రీ మొదటి ఏడాదే గెలిచి వోయెన్స్ బాకీ తీర్చుకున్నాడు. ఆ ఏడాది రెండో స్థానం రికార్డ్‌సన్‌దే.

అయితే రికార్డ్‌సన్ దాటింది రెండు పద్ధతులు కాదు, మూడు. 1998 నుంచి 2004 దాకా గ్రాండ్ ప్రీ రాత్రికి 24 మంది దిగేవారు. పందెంలో మొదటి ఇద్దరు ముందుకు పోతారు, చివరి ఇద్దరికి ఇంకొక్క అవకాశం. రెండుసార్లు వెనకబడితే ఇంటికే. అంటే మంచి రోజు కాకపోతే రెండంటే రెండు నిమిషాల స్వారీతో సరి. ఇలాంటి కత్తి అంచు పద్ధతిలో ఆయన నాలుగు కిరీటాలు గెలిచాడు: 1998, 1999, 2001, 2002. వాటిలో 2002 సీజన్ ఆఖరి రాత్రి ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జరిగింది. ఆయన వెంటపడుతున్నవాడు ఆస్ట్రేలియా రైడరు జేసన్ క్రంప్. ఈసారి కూడా ప్రత్యర్థి గడ్డ మీదే.

2005లో మళ్లీ మార్చారు. 16 మంది, 20 పందేలు, తర్వాత సెమీఫైనళ్లు, ఫైనల్. అప్పటికి రికార్డ్‌సన్‌కు 35 ఏళ్లు. కొత్త పద్ధతి కుర్రాళ్లకు కలిసొస్తుందనుకోవడం సహజం. ఆ ఏడాది ఆయన క్రంప్‌ను బాగా వెనక వదిలేసి ఆరో కిరీటం పెట్టుకున్నాడు.

ఆటలో పద్ధతి మారినప్పుడు పాత ఛాంపియన్లు మరుగునపడటం మామూలు. అలవాటైన లెక్కలు పనికిరాకుండా పోతాయి. రికార్డ్‌సన్ విషయంలో అలా జరగలేదు. నా దృష్టిలో ఆరు అనే అంకె కన్నా ఇదే పెద్ద ఘనత.

గొల్లోబ్‌కు తప్పిన 1999

ఈ కథలో గెలిచినవాడి పక్కన ఓడినవాడినీ చెప్పుకోవాలి. 1999లో ఆఖరి గ్రాండ్ ప్రీ వోయెన్స్‌లో. అక్కడికి వెళ్లే ముందు పాయింట్ల పట్టికలో ముందున్నవాడు పోలండ్ రైడరు టొమాష్ గొల్లోబ్. ఆ ఆఖరి పోటీకి కొద్ది రోజుల ముందు వ్రొత్స్వాఫ్‌లో మరో పోటీలో ఆడుతూ ఘోరంగా పడ్డాడు. గాయాలతోనే వోయెన్స్‌కు వచ్చాడు. కిరీటం చేజారి రికార్డ్‌సన్‌కు దక్కింది.

గొల్లోబ్ కోరిక తీరడానికి 2010 దాకా పట్టింది. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. 2017లో మోటోక్రాస్ బండి మీది నుంచి పడి వెన్నెముకకు తీవ్రమైన దెబ్బ తగిలించుకున్నాడు. ఇంత సుదీర్ఘమైన, ఇంత కష్టమైన ఆట జీవితం మరొకరికి ఉందేమో వెతకాల్సిందే.

ఈ ఇద్దరూ శత్రువులనుకోవద్దు. 1998లో ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ విచెస్ జట్టులో ఇద్దరూ కలిసి ఆడారు. ఆ ఏడాది ప్రపంచ పట్టికలో రికార్డ్‌సన్‌ది మొదటి స్థానం, గొల్లోబ్‌ది మూడోది. మళ్లీ 2004, 2005లో పోలండ్‌లోని తార్నూవ్ క్లబ్బుకు కలిసి ఆడి, రెండేళ్లూ జాతీయ లీగ్ గెలిపించారు. శనివారం ప్రపంచ కిరీటం కోసం ఒకరినొకరు కంచె దాకా నెట్టుకున్నవాళ్లు ఆదివారం ఒకే రంగు చొక్కా వేసుకుని పక్కపక్కన నిలబడేవారు.

వారానికి మూడు దేశాలు

శనివారం, ఆదివారం అన్న పై మాట అతిశయోక్తి కాదు. స్పీడ్‌వే రైడరు ఒకే సీజన్‌లో రెండు మూడు దేశాల లీగుల్లో ఆడతాడు. రికార్డ్‌సన్ కాలంలో గ్రాండ్ ప్రీ శనివారం, పోలండ్ లీగ్ ఆదివారం, స్వీడన్ లీగ్ మంగళవారం, ఇంగ్లండ్‌లో పూల్ క్లబ్బుది బుధవారం, ఇప్స్‌విచ్‌ది గురువారం. ఒక్కో దేశంలో ఒక్కో వ్యాను, విడివిడిగా బండ్లు, విడివిడిగా మెకానిక్కులు. రైడరు హెల్మెట్టు సంచీ పట్టుకుని విమానాలు మారుతూ ఉంటాడు. క్రికెట్‌లో ఆటగాళ్లు దేశదేశాల లీగుల్లో ఆడటం ఈమధ్య చూస్తున్నాం. స్పీడ్‌వేలో ఇది దశాబ్దాల నాటి అలవాటు.

మట్టి బయటికి జరుగుతుంది

స్పీడ్‌వే చూసేటప్పుడు బండ్లతో పాటు నేలను కూడా చూడాలి. ప్రతి చుట్టులోనూ వెనక చక్రాలు మట్టిని తోడి బయటివైపు విసురుతాయి. రాత్రి మొదట్లో లోపలి గీత దగ్గర పట్టు బాగుంటుంది, అక్కడి నుంచి బయలుదేరినవాడికి లాభం. నాలుగైదు పందేలయ్యేసరికి లోపలి దారి నున్నగా అరిగి జారిపోతుంది. వదులైన మట్టంతా కంచె పక్కన గట్టులా చేరుతుంది. ఇప్పుడు పట్టు అక్కడ. దూరం ఎక్కువైనా కంచెను రాసుకుంటూ పోయినవాడు వేగంలో మించిపోతాడు. మధ్యమధ్య ట్రాక్టర్లు వచ్చి మట్టిని తిరిగి లోపలికి లాగుతాయి, ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు. దుమ్ము లేవకూడదు, బురద కాకూడదు. మళ్లీ లెక్కలు మారతాయి. మంచి రైడరు పిట్స్‌లో కూర్చుని చేసే పనిలో సగం ఈ మట్టిని చదవడమే. ఏ పందెంలో ఏ గీత పనికొస్తుందో పసిగట్టి, దానికి తగ్గట్టు వెనక చక్రపు పళ్లచక్రం మార్చుకుంటాడు.

ఇది తెలిస్తే 2005లో కార్డిఫ్‌లో జరిగింది అర్థమవుతుంది. వేల్స్ రాజధానిలోని మిలీనియం స్టేడియం రగ్బీ కోసం కట్టింది. 2001 నుంచి ఏడాదికోసారి అక్కడ పచ్చిక తీసి, టన్నులకొద్దీ మట్టి పరిచి, తాత్కాలికంగా స్పీడ్‌వే ట్రాక్ వేస్తూ వచ్చారు. పైకప్పు మూసేస్తే ఇంజిన్ల మోత గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఆ రాత్రి ఒక పందెంలో రికార్డ్‌సన్ వంపులో బయటికి, ఇంకా బయటికి నెట్టుకుపోయి గాలి నింపిన కంచెను తాకాడు. అక్కడ ఎవరైనా యాక్సిలరేటర్ వదిలేస్తారు, లేదా పడిపోతారు. ఆయన రెండూ చేయలేదు. బండిని కంచెకు ఆనించుకునే, గోడ మీద నడుపుతున్నట్టుగా ఆ వంపు చుట్టివచ్చాడు. ఆ రాత్రి గ్రాండ్ ప్రీ కూడా ఆయనే గెలిచాడు. స్పీడ్‌వే అభిమానులు ఇప్పటికీ ఆ కొన్ని సెకన్ల దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూస్తుంటారు. నేను కూడా.

ఎర్రజుట్టు ఫుండిన్

రికార్డ్‌సన్‌కు ముందు స్వీడన్ గర్వంగా చెప్పుకున్న పేరు ఓవె ఫుండిన్. 1933లో త్రానోస్‌లో పుట్టాడు. అయిదు కిరీటాలు: 1956, 1960, 1961, 1963, 1967. ఇంగ్లిషు మాతృభాష కాని దేశం నుంచి వచ్చిన మొదటి ప్రపంచ విజేత ఆయనే. అంతవరకూ ఆ కిరీటం ఆస్ట్రేలియా, అమెరికా, ఇంగ్లండ్, వేల్స్, న్యూజిలాండ్ చేతుల్లోనే తిరిగింది. ఎర్రజుట్టు వల్ల అభిమానులు ఎగిరే నక్క అని పిలుచుకున్నారు. ఇంగ్లండ్‌లో నార్విచ్ స్టార్స్ జట్టుకు ఏళ్లతరబడి ఆడాడు.

ఫుండిన్ లెక్కల్లో నన్ను ఆపేసేది కిరీటాల సంఖ్య కాదు. 1956 నుంచి 1965 దాకా వరసగా పదేళ్లు, ఒక్క ఏడాది తప్పకుండా, మొదటి ముగ్గురిలో నిలిచాడు. అప్పుడున్నది ఒక్క రాత్రి ఫైనల్ పద్ధతి. ఒక్క చెడ్డ పందెం చాలు అంతా పోవడానికి. పదేళ్లూ పోలేదు.

1961లో ప్రపంచ ఫైనల్ తొలిసారి లండన్ వెంబ్లీని దాటి బయటికి వెళ్లింది, స్వీడన్‌లోని మాల్మోకు. మొదటి మూడు స్థానాలూ స్వీడన్‌వే: ఫుండిన్, బ్యోర్న్ క్నుట్సన్, గోటె నోర్డిన్. 2001లో మొదలైన జట్ల ప్రపంచ కప్పులో గెలిచినవారికి ఇచ్చే ట్రోఫీకి ఫుండిన్ పేరే పెట్టారు.

మొత్తం మీద స్వీడన్‌కు 14 వ్యక్తిగత కిరీటాలు. ఫుండిన్ అయిదు, రికార్డ్‌సన్ ఆరు, క్నుట్సన్ (1965), ఆండర్స్ మికనెక్ (1974), యోన్సన్ (1990) ఒక్కొక్కటి.

అన్నదమ్ములు ముగ్గురు, ఇంటిపేర్లు మూడు

రికార్డ్‌సన్‌తో పాటు స్వీడన్ జట్టుకు ఆడిన పీటర్ కార్ల్‌సన్, మికాయెల్ మాక్స్ సొంత అన్నదమ్ములు. మూడో సోదరుడు మాగ్నుస్ జెట్టర్‌స్ట్రోమ్ కూడా స్పీడ్‌వే రైడరే. ముగ్గురూ పుట్టుకతో కార్ల్‌సన్‌లే. స్వీడన్‌లో ఆ ఇంటిపేరు వీధికి నలుగురికి ఉంటుంది. ఇద్దరు తమ్ముళ్లు తమకంటూ వేరే పేర్లు పెట్టుకున్నారు. తెలియనివాళ్లు స్కోరు పట్టిక చూస్తే వాళ్లకు చుట్టరికం ఉందని ఊహించలేరు.

జట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2000లో ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో జట్ల ప్రపంచ ఫైనల్. స్వీడన్, ఇంగ్లండ్ సమానంగా నిలిచాయి. తేల్చడానికి ఒక్కొక్కరిని పంపమన్నారు. ఇంగ్లండ్ మార్క్ లోరమ్‌ను పంపింది. ఆ ఏడాది ప్రపంచ వ్యక్తిగత విజేత ఆయనే. స్వీడన్ రికార్డ్‌సన్‌ను పంపింది. కప్పు స్వీడన్‌కు వెళ్లింది.

లోరమ్ గురించి ఒక విచిత్రం: ఆ 2000 సీజన్‌లో ఒక్క గ్రాండ్ ప్రీ కూడా గెలవకుండానే ప్రపంచ విజేత అయ్యాడు. ప్రతిచోటా కూడబెట్టిన పాయింట్లతోనే.

బంగారు బండి

రికార్డ్‌సన్ కన్నా ముందు ఆరు కిరీటాలు గెలిచినవాడు న్యూజిలాండ్ రైడరు ఐవన్ మేజర్. 1968, 1969, 1970 వరసగా మూడు, తర్వాత 1972, 1977, 1979. మూడోసారి వరసగా గెలిస్తే నీ బండికి బంగారు పూత వేయిస్తామని ఇద్దరు అమెరికన్ అభిమానులు మాటిచ్చారు. గెలిచాడు, మాట నిలబెట్టుకున్నారు. 2005లో రికార్డ్‌సన్ ఆయన సరసన చేరాడు.

ఆముదం, జావా

మనకు దగ్గరి సంగతులు రెండు. మిథనాల్‌లో మామూలు ఖనిజ తైలం కలవదు, ఆముదం కలుస్తుంది. ఎంత వేడెక్కినా లోహం మీద పొర తెగకుండా నిలుస్తుంది కూడా. అందుకే స్పీడ్‌వే ఇంజిన్లలో చాలాకాలం ఆముదపు నూనెతో చేసిన కందెనే పోశారు. పాత అభిమానులు స్టేడియం అనగానే గుర్తుచేసుకునే ఆ ఘాటైన తియ్యటి వాసన దానిదే. ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండేది మన దేశంలో. పాలమూరు, నల్గొండ మెట్టల్లో కూడా వేశారు.

రెండోది జావా. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు మన పెద్దలకు బాగా గుర్తు. ఆ జావా మాతృసంస్థ చెకొస్లొవేకియాది. దివిషోవ్ అనే చిన్న ఊళ్లో స్పీడ్‌వే బండ్లు చేసే ఈసో కంపెనీ 1964లో జావాలో కలిసింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచ ట్రాకుల మీద జావా పేరున్న ఇంజిన్లు మోగాయి.

ఉష్ణమాపకం నిలబెట్టుకున్న ఊరు

స్వీడన్‌లో స్పీడ్‌వే పెద్ద నగరాల ఆట కాదు, చిన్న ఊళ్లది. దక్షిణాన మోలిల్లా అనే ఊరు చిన్నది, అయినా ప్రపంచ గ్రాండ్ ప్రీలు జరిగాయి. స్వీడన్ చూసిన అత్యధిక ఉష్ణోగ్రత, 38 డిగ్రీలు, 1947లో ఈ ఊళ్లో కూడా నమోదైంది. గుర్తుగా ఊరి మధ్య ఎత్తైన ఉష్ణమాపకం కట్టుకున్నారు.

2006, ఆ తర్వాత

ఆరో కిరీటం తర్వాతి సీజన్‌లోనే, 2006 మధ్యలో, రికార్డ్‌సన్ ఆట నుంచి తప్పుకున్నాడు. ఏడోదానికి దారి తెరిచే ఉంది కదా అని చాలామంది అడిగి ఉంటారు. ప్రతి వారం మూడు దేశాలు తిరుగుతూ, ప్రతి రాత్రీ మొదటి వంపులోకి మరో ముగ్గురితో కలిసి బ్రేకుల్లేకుండా దూరడానికి కావలసిన ఆకలి తగ్గినప్పుడు ఆగిపోవడమే సరైన పని. తర్వాత నాలుగు చక్రాల వైపు వెళ్లి పోర్షే కరెరా కప్ స్కాండినేవియాలో కార్లు నడిపాడు.

ఆయన తర్వాత స్వీడన్‌కు వ్యక్తిగత కిరీటం రాలేదు. ఫ్రెడ్రిక్ లిండ్‌గ్రెన్ 2023లో రెండో స్థానం దాకా వచ్చాడు. మొదటి స్థానంలో ఉన్నది పోలండ్ రైడరు బర్తోష్ జ్మార్జ్‌లిక్. 2025లో ఆస్ట్రేలియా రైడరు బ్రేడీ కర్ట్జ్‌ను ఒక్క పాయింటు తేడాతో దాటి జ్మార్జ్‌లిక్ కూడా ఆరో కిరీటం గెలిచాడు. అదీ వోయెన్స్‌లోనే. దాంతో ఆరు దగ్గర ముగ్గురయ్యారు: మేజర్, రికార్డ్‌సన్, జ్మార్జ్‌లిక్. 2025 సీజన్ ముగిసేనాటికి ఏడో కిరీటం ఎవరికీ దక్కలేదు.